సోమవారం నాటి గింజలు

ఆ శనివారం ఉదయం ఇన్‌స్పెక్టరు గారి కార్యక్రమం చాలా చిన్నది. తొమ్మిదింటికి కాఫీ గింజలు వేయించాలి. తొమ్మిదిన్నరకు చల్లార్చాలి. పదింటికి పొడి కొట్టి, కాఫీ కలుపుకుని, ఇంత బతుకులో ఇలాంటి కాఫీ తాగలేదని తనకు తానే చెప్పుకోవాలి. ఆ మాట అనడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు గనక ఆ పని కూడా ఆయనే చేసుకోవాలి.

ఇన్‌స్పెక్టరంటే పోలీసనుకునేరు, కాదు. లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. ఊళ్ళో ఉన్న లిఫ్టులన్నీ ఎక్కి దిగి, తాళ్ళు చూసి, తలుపులు చూసి, "ఈ లిఫ్టు క్షేమకరం" అని సంతకం పెట్టడం ఆయన ఉద్యోగం. ఇరవై ఎనిమిదేళ్ళుగా లోపాలు వెతికీ వెతికీ ఆ గుణం వంట్లోకి దిగిపోయింది. పెళ్ళి మాటలు వచ్చిన ప్రతిచోటా ఏదో ఒక రిమార్కు రాశాడు. స్నేహితులు భోజనానికి పిలిస్తే మెట్ల ఎత్తు సమంగా లేదని చెప్పి వచ్చేవాడు. రెండోసారి ఎవరూ పిలవలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఊరే చెడ్డదని ఆయన ఏనాడో తేల్చేశాడు.

అలా తేల్చేసి, ఓ అపార్టుమెంటు మూడో అంతస్తులో ఆరేళ్ళుగా ఒంటరిగా ఉంటున్నాడు. నెలకోసారి అక్కయ్య ఫోన్ చేసి "తిన్నావురా?" అంటుంది. "తిన్నాను" అంటాడు. అక్కడితో ఇద్దరికీ మాటలు అయిపోతాయి. ఆయన వారం మొత్తంలో మనిషితో మనిషిలా మాట్లాడేది ఒక్కచోటే, రెండు వీధుల అవతల కాఫీ కొట్టులో. ఆ కొట్టు పెద్దాయన్ని వీధంతా బాబాయి అనే పిలుస్తుంది. ప్రతి శనివారం పదిన్నరకు ఇన్‌స్పెక్టరు అక్కడికి వెళ్ళేవాడు. బాబాయి స్టూలు లాగేవాడు. గింజలు తూచేలోగా ఓ అరగంట ఇద్దరూ ఏదో ఒకటి మాట్లాడుకునేవారు. ఆ అరగంట కోసం ఇన్‌స్పెక్టరు శుక్రవారమే చొక్కా ఇస్త్రీ చేసుకునేవాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పుకుంటే నామోషీ.

ఆ అరగంటను పోయిన శనివారం తన చేతులతో తనే పోగొట్టుకున్నాడు.

జరిగింది ఇంతే. కొత్త కళ్ళద్దాలు వచ్చాయి. ఆరేళ్ళుగా తీసుకుంటున్న పొట్లం మీద ఓ మూల పెన్సిలుతో ఏదో గీత ఉంటుందని తెలుసు గానీ, అది గింజలు వేయించిన తేదీ అని ఆ రోజే కనబడింది. చదివాడు. సోమవారం తేదీ! ఎదురుగా డ్రమ్ములోంచి అప్పుడే వేయించిన గింజలు పొగలు కక్కుతూ దిగుతున్నాయి. వాటిని పక్కవాళ్ళ పొట్లాల్లో పోస్తున్నారు.

"బాబాయ్, ఏమిటిది? అందరికీ ఇవాళ్టివి, నాకు మాత్రం సోమవారంవా?"

"మీవి ఎప్పుడూ సోమవారంవే కదండీ" అన్నాడు బాబాయి, అదేదో మంచి మాటైనట్టు.

"ఎప్పుడూనా! అంటే ఆరేళ్ళుగా నాకు పాచి సరుకు అంటగడుతున్నారన్నమాట!"

కొట్టులో ఉన్న ఏడెనిమిది మందీ తలలు తిప్పారు. బాబాయి మొహం ఎర్రబడింది. ఆయన సంగతేమిటంటే, కాఫీ గురించి అడిగితే పొద్దుగూకేదాకా చెబుతాడు, నింద వేస్తే మాత్రం ఒక్క ముక్క చెప్పడు. మెల్లిగా పొట్లం వెనక్కి తీసుకున్నాడు. "పాచి అని తోస్తే తీసుకోకండి, ఇన్‌స్పెక్టరు గారూ" అన్నాడు. తర్వాత ఆ స్టూలు ఎత్తి లోపల పెట్టేశాడు. పొట్లం వెనక్కి పోయినందుకు కాదు గానీ, స్టూలు లోపలికి పోయినందుకు ఇన్‌స్పెక్టరు ఆ రాత్రంతా నిద్రపోలేదు.

అయినా పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. తాజా గింజలు ఊళ్ళో దొరక్కపోతే ఇంట్లోనే వేయించుకుంటానని శపథం చేశాడు. మంగళవారం ఓ గోదాములో సామాన్ల లిఫ్టు తనిఖీకి వెళ్ళినప్పుడు అక్కడి స్టోరుకీపరును అడిగి కిలో పచ్చి కాఫీ గింజలు తెచ్చుకున్నాడు. అవి బూడిదాకుపచ్చ రంగులో, ఎండుగడ్డి వాసన వేస్తూ, కాఫీతో తమకేమీ సంబంధం లేనట్టు ఉన్నాయి.

శనివారం తొమ్మిదింటికి మూకుడు పొయ్యి మీద పెట్టి, కిలో గింజలూ పోసి, పక్కన చేతిగడియారం, కాగితం పెట్టుకుని వేయించడం మొదలెట్టాడు. "తొమ్మిదీ ఇరవై: పసుపు రంగు. తొమ్మిదీ నలభై: గోధుమ రంగు" అని రాసుకున్నాడు. తొమ్మిదీ యాభైకి గింజలు చిటపటమని పేలడం మొదలెట్టాయి. ఆయనకు భలే ఉషారొచ్చింది. "చూశారా!" అన్నాడు పైకే. ఎవరూ చూడలేదు. పదింటికి పొగ మొదలైంది. ఇంకొంచెం రంగు రానిద్దామనుకున్నాడు. గరిటె తిప్పుతుంటే గింజల పొట్టు లేచి కళ్ళద్దాల మీద వాలింది. అవి తుడుచుకునే లోపల రంగు రావలసిన దానికంటే నాలుగాకులు ఎక్కువే వచ్చేసింది.

గబగబా పొయ్యి కట్టేశాడు. గింజల్ని హాల్లోకి తెచ్చి పళ్ళెంలో పరిచి, చల్లారడానికి ఫ్యాను వేశాడు. అదే తప్పు. పొట్టు మొత్తం ఒక్కసారి పైకి లేచి గోడల మీద, మంచం మీద, క్యాలెండరు మీద, ఇన్‌స్పెక్టరు తలమీద కురిసింది. ఫ్యాను ఆపి, చల్లారినంత చాల్లెమ్మని, తాజాదనం బయటికి పోకుండా వాటిని వేడివేడిగానే ఓ రేకు డబ్బాలో పోసి, మూత పెట్టి, పిడికిలితో నాలుగు దెబ్బలు కొట్టి బిగించాడు. వంటింటి గట్టు మీద కూడా పొట్టు పడని చోటు ఒక్కటీ కనబడక, ఆ డబ్బాని తీసుకెళ్ళి ఇంకా కాలుతున్న మూకుట్లోనే నిలబెట్టాడు. వంటింటి కిటికీ తెరిచాడు. పొగ సంతోషంగా వీధిలోకి బయల్దేరింది.

అప్పటికి పదీ ఇరవై అయింది. కాఫీ కలుపుకోవాలన్న కార్యక్రమం ఎటో పోయింది. శనివారం పదిన్నర దగ్గర పడుతోంది, కాళ్ళు వాటంతటవే చెప్పుల వైపు వెళ్ళాయి. డబ్బాలో పోయకుండా అట్టే పెట్టుకున్న గుప్పెడు గింజల్ని ఓ కాగితంలో పొట్లం కట్టి, దాని మీద ఎర్ర సిరాతో ఇవాళ్టి తేదీ పెద్దగా వేశాడు. బాబాయికి చూపించి రావాలి, అంతే. ఒకవేళ ఆయన స్టూలు వేస్తే కూర్చోవాలి. వెయ్యకపోతే అటుగా వెళ్తూ వచ్చానని చెప్పాలి. చొక్కా మీద పొట్టు దులుపుకుని, లాగితే పడే తాళమున్న తలుపు మూసి లిఫ్టెక్కాడు. ఫోన్ లోపల ఛార్జింగులోనే ఉండిపోయింది.

కింద వాచ్‌మన్ తలెత్తి చూశాడు. మూడో అంతస్తు కిటికీలోంచి పొగ! పొగ కనిపిస్తే ఏం చెయ్యాలో అతనికి బాగా తెలుసు. "ముందు మెయిన్ స్విచ్ ఆపాలి, తర్వాతే అరవాలి" అని పోయిన నెల పదిసార్లు అప్పజెప్పించుకున్నది ఇన్‌స్పెక్టరు గారే. వాచ్‌మన్ అక్షరం తప్పకుండా అలాగే చేశాడు. ముందు మెయిన్ ఆపాడు. తర్వాత అరిచాడు.

లిఫ్టు మూడో అంతస్తుకి నాలుగడుగుల కింద ఠక్కున ఆగింది. దీపం ఆరిపోయింది. తలుపు సందులోంచి పడుతున్న కాస్త వెలుతుర్లో ఆయనకు ఎదురుగా ఒక్కటే కనబడింది, అద్దంలో బిగించిన సర్టిఫికెట్టు. "ఈ లిఫ్టు అన్ని విధాలా క్షేమకరం." కింద ఆయన సంతకం.

అరుద్దామని నోరు తెరిచి మూసేశాడు. లిఫ్టుల ఇన్‌స్పెక్టరు, తను సంతకం పెట్టిన లిఫ్టులో, తను నేర్పిన పాఠం వల్ల ఇరుక్కున్నాడని తెలిస్తే ఆఫీసులో మొహమెలా ఎత్తుకుంటాడు? చప్పుడు కాకుండా గంట బొత్తం నొక్కాడు. మోగలేదు. అప్పుడు గుర్తొచ్చింది, రిమార్కు నంబరు నాలుగు: "గంట బ్యాటరీ బలహీనం. మార్చుటకు మూడు నెలలు గడువు." ఆ గడువు ఇచ్చింది కూడా తనే. కరెంటు వచ్చేదాకా ఉందాంలే అని తేలు కుట్టిన దొంగలా ఓ మూల నిలబడ్డాడు.

ఈలోగా పైన జనం చేరారు. ఎదురింటి టీచరమ్మ ఆయన తలుపు తడుతోంది. "సార్! సార్! పొగొస్తోందండీ!" పలకాలో వద్దో ఆయన తేల్చుకునే లోపు, వంటింట్లో మూకుట్లో కూర్చున్న డబ్బా తన పని తను చేసింది. ఢామ్మని మూత ఎగిరింది. ఎగిరి పైన పేర్చి ఉన్న స్టీలు పళ్ళేలకు తగిలింది. పళ్ళేలన్నీ ఒకదాని మీద ఒకటి గలగలా కింద పడ్డాయి.

"అయ్యో, పడిపోయాడమ్మా!" అని టీచరమ్మ కేక పెట్టింది. "ఏదో పేలింది, మనిషి పడిపోయాడు! ఫైరింజనుకి ఫోన్ చెయ్యండి!"

"ముందు ఆయనకే ఫోన్ చెయ్యరాదూ?" ఎవరో అన్నారు.

"నంబరు ఎవరి దగ్గరుంది?"

ఎవరి దగ్గరా లేదు. లిఫ్టులో ఉన్నాయన ఆ నిశ్శబ్దాన్ని పూర్తిగా విన్నాడు.

"లిఫ్టులోగానీ ఉన్నాడేమో?" అన్నాడు వాచ్‌మన్.

"ఛ, ఆయనా? పొగ వచ్చినప్పుడు లిఫ్టు వాడకూడదని బోర్డు పెట్టించిందే ఆయన. చచ్చినా రూలు తప్పడు" అంది టీచరమ్మ. ఆ మాట మెప్పుకోలు లాగే ఉన్నా, దాంతో ఆయన బయటపడే దారి ఇంకోటి మూసుకుపోయింది.

ఇక ఇప్పుడైనా అరవాల్సిందే. కానీ ఆయన అరవలేదు, నిజం చెప్పొద్దూ, ఇప్పుడు కారణం సిగ్గు ఒక్కటే కాదు. తన గురించి నలుగురు మాట్లాడుకోవడం ఆయన ఈ ఆరేళ్ళలో ఇదే మొదటిసారి వినడం. ఎవరైనా ఒక్క మంచి మాట అంటారేమో, అది విని అరుద్దాం అనుకున్నాడు.

ఫైరింజను వచ్చింది. బూట్ల చప్పుడు మెట్లెక్కింది. "లోపల ఎవరుంటారు?" అని ఓ గట్టి గొంతు అడిగింది.

"లిఫ్టాయన" అన్నాడు వాచ్‌మన్.

"పేరు?"

"లిఫ్టాయనేనండీ."

"అసలు పేరయ్యా!"

అది ఎవరికీ తెలీదు. ఫైరాఫీసరు గట్టిగా నిట్టూర్చి తలుపు పగలగొట్టమన్నాడు. రెండు దెబ్బలకు తాళం ఊడొచ్చింది. అందరూ లోపలికి వెళ్ళారు. వాళ్ళ మాటలు విరిగిన తలుపులోంచి లిఫ్టు దాకా తేలివచ్చాయి. మంట లేదన్నారు. మనిషి కూడా లేడన్నారు. మంచం కింద చూశారు, బాత్రూములో చూశారు.

"ఈ దుమ్మేంటి, ఇల్లంతా?"

"కుర్చీలు చూడండి, ఒకదానికి ప్లాస్టిక్కు కవరు కూడా తియ్యలేదు" అంది టీచరమ్మ, గొంతు తగ్గించి. "ఎవరూ కూర్చోలేదు కాబోలు. ఎదురిల్లే కదా, నేనైనా ఒక్కసారి పలకరించలేదు."

ఇన్‌స్పెక్టరు చీకట్లో నేల మీద చతికిలబడ్డాడు. ఆ కవరు తియ్యకపోవడం గురించి ఆయనెప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు ఇంకొకరి నోట విని ఏడుపొచ్చింది.

"ఇది కాఫీ వాసన. ఆ కొట్టు బాబాయికి ఏమైనా తెలుస్తుందేమో" అని ఎవరో అంటే, వాచ్‌మన్ పరిగెత్తాడు. పావుగంటకు మెట్ల మీద ఆయాసం వినబడింది. బాబాయి డెబ్భయ్యో పడికి దగ్గర్లో ఉన్నాడు. లిఫ్టు పనిచెయ్యడం లేదని మూడంతస్తులూ నడిచే ఎక్కాడు.

"ఏడీ ఆయన? ఏమైంది ఆయనకి?" అంటూనే బాబాయి పేరు పెట్టి పిలిచాడు. ఇంటిపేరుతో సహా, పూర్తి పేరు. ఆఫీసు కాగితాల మీద తప్ప ఆ పేరు ఎక్కడా కనబడదు. ఒక మనిషి గొంతులో అది వినబడి ఎన్నేళ్ళయిందో ఇన్‌స్పెక్టరుకే గుర్తు లేదు.

"మీకేమవుతారు?" అని అడిగాడు ఆఫీసరు.

"ఏమవుతాడని చెప్పను బాబూ! ఆరేళ్ళుగా ప్రతి శనివారం వచ్చి నా కొట్టులో తప్పులు పట్టేవాడు. తక్కెడ వంకరంటాడు, బోర్డు వంకరంటాడు. తక్కినవాళ్ళు పొట్లం తీసుకుని పోతారు. ఈయనొక్కడే కూర్చునేది." బాబాయి గుమ్మానికి ఆనుకున్నాడు. "ఈ ఏరియా మొత్తంలో పాలు పోసుకోకుండా కాఫీ తాగేది ఈయనొక్కడే. వేయించిన గింజకి ఐదు రోజులు విశ్రాంతి కావాలండీ. లోపల ఉన్న గాలంతా పోవాలి, అప్పుడే రుచి దిగుతుంది. పాలు, పంచదార పోసుకునేవాళ్ళకి ఏ రోజువైనా ఒకటే. అందుకని ప్రతి సోమవారం పొద్దున్నే ఈయన ఒక్కడి కోసమే విడిగా వేయించి, శనివారానికి దాచేవాణ్ణి. పాచివన్నాడు. ఈ మాట అప్పుడే చెప్పెయ్యొచ్చుగా? నాకూ పంతమే. స్టూలు లోపల పెట్టేశాను. ముసలి వెధవని."

లిఫ్టులో మనిషి లెక్క వేశాడు. ఆరేళ్ళు. మూడొందల పైచిలుకు సోమవారాలు. తనకోసం ఒకరు పొద్దున్నే లేచి ఒక పని చేస్తూ వచ్చారు, తను తేదీ చదివి పాచి అన్నాడు. లేచి రెండు చేతులతో తలుపు బాదాడు.

"బాబాయ్! నేనిక్కడున్నా!"

పైన టీచరమ్మ కెవ్వుమంది. ఇల్లంతా వెతికినా దొరకని మనిషి నేల కిందనుంచి పలికితే ఎవరైనా కెవ్వుమంటారు. ఆఫీసరు వాచ్‌మన్ వైపు చూశాడు. వాచ్‌మన్ కిందికి పరిగెత్తి మెయిన్ వేశాడు. లిఫ్టు ఏమీ ఎరగనట్టు నాలుగడుగులు పైకొచ్చి తలుపు తెరిచింది. తలనిండా పొట్టుతో, చేతిలో పొట్లంతో, కళ్ళు తుడుచుకుంటూ ఇన్‌స్పెక్టరు గారు బయటికొచ్చారు.

"ఎంతసేపట్నుంచి ఉన్నారు సార్ లోపల?" అన్నాడు ఆఫీసరు.

"మొదట్నుంచీ."

"మరి పిలవలేదేం?"

ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. బాబాయి ఆయన్ని పైనుంచి కిందిదాకా ఓసారి చూసి, బతికే ఉన్నాడని రూఢి చేసుకుని, వెంటనే కోపం తెచ్చుకున్నాడు. చేతిలో పొట్లం లాక్కుని ఎర్ర సిరా తేదీ చదివాడు. "ఇవాళ వేయించి ఇవాళే తాగుదామనుకున్నారా? పైగా, వంటింట్లో మూత లేచిన ఆ డబ్బా చూశాను, వేడి గింజల్నే బిగించారు! అవి గాలి వదులుతాయి కదండీ, మూత ఎగిరిపోదూ మరి? మొహానికి తగిలుంటే?"

"నాకేం తెలుసు బాబాయ్."

"అడిగితే కదా తెలిసేది! మీకు తనిఖీ చెయ్యడమే గానీ అడగడం రాదే!"

ఇన్‌స్పెక్టరు తల దించుకున్నాడు. "తప్పయిపోయింది బాబాయ్" అన్నాడు. ఆ మాట ఆయన నోట రావడం ఆయనకే వింతగా ఉంది. బాబాయి ఏదో అనబోయి, గాలి పీల్చి, ఆగిపోయాడు. ఇంకోసారి పీల్చాడు.

"ఈ మాడు వాసన మీ ఇంట్లోది కాదు" అన్నాడు మెల్లిగా. అని, రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "డ్రమ్ము! డ్రమ్ము ఆపకుండా వచ్చేశాను!"

అందరూ కిటికీ దగ్గరికి పరిగెత్తారు. రెండు వీధుల అవతల నల్లటి పొగ లేస్తోంది. దాని ముందు ఇన్‌స్పెక్టరు గారి పొగ ఏపాటిది! ఫైరింజను ఈసారి అడ్రసు అడగలేదు. దాని వెనకే బాబాయి, బాబాయి వెనకే పొట్టు రాల్చుకుంటూ ఇన్‌స్పెక్టరు, ఆయన వెనక టీచరమ్మ, వాచ్‌మన్. కొట్టుకేమీ కాలేదు గానీ డ్రమ్ములో వారం సరుకు మొత్తం బొగ్గయిపోయింది.

ఆ మిగిలిన శనివారం, ఆదివారం కూడా ఇన్‌స్పెక్టరు చొక్కా చేతులు మడిచి డ్రమ్ము లోపల మసి గీకాడు. బోల్టు ఒకటి వదులుగా ఉందని గమనించాడు. రిమార్కు చెప్పకుండా బిగించాడు. కొత్త సరుకు రావడానికి వారం పడుతుంది. అంతదాకా ఆ రెండు వీధుల్లో తాగడానికి పనికొచ్చే గింజలంటూ ఉంటే, అవి మూత లేచిపోయిన ఓ రేకు డబ్బాలోనే ఉన్నాయి. ఎర్ర సిరా పొట్లాన్ని బాబాయి ఆ డబ్బాలోనే పోసి, పైన పెన్సిలుతో "గురువారం" అని రాశాడు.

గురువారం సాయంత్రం స్టూలు బయటికొచ్చింది. టీచరమ్మ కోసం ఇన్‌స్పెక్టరు ఇంటి నుంచి కుర్చీ కూడా మోసుకొచ్చాడు, ప్లాస్టిక్కు తీసేసినదే. బాబాయి కాఫీ కలిపాడు. అందరి కంటే ముందు ఓ గుక్క తాగాడు. చాలాసేపు మింగలేదు.

"ఎలా ఉంది బాబాయ్?"

బాబాయి గ్లాసు కింద పెట్టాడు. గొంతు సవరించుకుని, అచ్చం ఇన్‌స్పెక్టరు గారు లిఫ్టు ముందు నిలబడి చెప్పినట్టు చెప్పాడు. "లోపాలున్నాయి. సరిదిద్దుకోవడానికి మూడు నెలలు గడువు ఇస్తున్నాం. ప్రతి శనివారం పదిన్నరకు హాజరై చూపించాలి."

ఇన్‌స్పెక్టరు ఆ చేదు కాఫీ చుక్క మిగల్చకుండా తాగాడు.

లిఫ్టులో గంట బ్యాటరీ మాత్రం ఇంకా మార్చలేదు. దాని గడువు ఇంకా పదమూడు రోజులుంది.